విశ్రాంతి నెఱిగిన తపస్వి: కావ్యకంఠ గణపతిముని

తపస్సు అను మాట వినగానే మన మనస్సులో ఒక రూపము మెదలును. ఒంటికాలిపై నిలిచినవాడు, నాలుగు ప్రక్కల అగ్నియు నడినెత్తిన సూర్యుడును గలవాడు, ఆకులలములు తిని, పిదప వానిని కూడ విడిచి, ఎముకలు తేలిన దేహముతో కన్నులు మూసికొన్నవాడు. పురాణములు వినుచు పెరిగిన మనకు ఈ భావన సహజమే. తపస్సను పదమునకు మూలమైన ధాతువునందు వేడి యను అర్థముండుటయు నిజమే. కాని ముండకోపనిషత్తు పరమేశ్వరుని తపస్సు జ్ఞానమయమని చెప్పినది. అచట ఒంటికాలు లేదు, పంచాగ్నులు లేవు. శ్రమపడుటయే తపస్సు, విశ్రమించుట సోమరితనము అని మనము తలచుట ఎంతవరకు సరియో తెలియగోరువారికి ఒక ఆంధ్ర పండితుని చరిత్ర చక్కగా ఉపకరించును. వారే కావ్యకంఠ వాసిష్ఠ గణపతిముని. శిష్యులు వారిని నాయన యని పిలుచుకొనెడివారు.

ఈ చరిత్రను అమీర్‌పేట, పంజగుట్ట వాసులకు ఇప్పుడు వినిపింపదలచుటకు కారణము కలదు. రెండు మెట్రో మార్గములు కలిసికొను అమీర్‌పేట కూడలిలో తెల్లవారినది మొదలు రాత్రి ప్రొద్దుపోవు వరకు జనము నిలుచుట యెఱుగదు. మైత్రీవనము చుట్టుప్రక్కల కంప్యూటరు శిక్షణకై జిల్లాలనుండి వచ్చిన యువకులు ఇరుకు హాస్టలు గదులలో పగలు చదువుతోను, రాత్రి ఉద్యోగము దొరకునో దొరకదో యను చింతతోను గడుపుచున్నారు. పంజగుట్ట వైపు సాగినచో నిమ్స్ ఆసుపత్రి యొద్ద రోగుల బంధువులు కూర్చున్నచోటనే కునుకు తీయుచు, లోపలినుండి పిలుపు వచ్చెనేమో యని ఉలికిపడి లేచుచుందురు. వీరందరును నిద్రపోవుచునే యున్నారు. విశ్రాంతి మాత్రము వీరికి లేదు.

ఇట్టివారిని ఉద్దేశించియే కాబోలు, నేడు నగరములలోని యోగకేంద్రములలో రిస్టోరేటివ్ యోగ యను పేర ఒక పద్ధతి నేర్పుచున్నారు. మసక వెలుతురు గదిలో దిండ్లు, బాలీసులు, మడిచిన దుప్పట్లు ఆధారముగా పెట్టి, దేహమును ఏ బిగువును లేకుండ పది యిరువది నిమిషములు ఒకే స్థితిలో ఉంచుదురు. పుణెలో యోగము నేర్పిన బి.కె.ఎస్. అయ్యంగారు తమ శిష్యులకు దిండ్లు, త్రాళ్లు, కుర్చీలు ఆధారములుగా ఇచ్చిన పద్ధతినుండి ఇది చాలవరకు పెరిగినది. సాయంకాలము దేవాలయ మండపమున చేరు పెద్దలలో కొందరు దీనిని గూర్చి విని నవ్వుకొనుట కలదు. పడుకొనుటకు రుసుము చెల్లించుట యేమి, అది యోగమెట్లగును అని వారి ఆక్షేపము.

ఆ ఆక్షేపమునకు శాస్త్రమునుండియే సమాధానము చెప్పవచ్చును. స్వాత్మారామయోగి తన హఠయోగప్రదీపికలో శవాసనమును ఆసనములలో చేర్చి, నేలపై వెల్లకిల శవమువలె పరుండుట బడలికను హరించి చిత్తమునకు విశ్రాంతి నిచ్చునని చెప్పెను. ఘేరండసంహితలో దీనికే మృతాసనమని పేరు. పతంజలి మహర్షి ఇంకను లోతునకు పోయి, ఆసనము సిద్ధించుటకు ప్రయత్నము సడలవలెననియు, చిత్తము అనంతమునందు నిలువవలెననియు సూత్రించెను. ఇచట అనంతుడనగా వేయి పడగలపై భూమిని మోయుచు కదలక మెదలక యుండు ఆదిశేషుడని వాచస్పతిమిశ్రుని వ్యాఖ్యానము. ఎంత చక్కని భావము! లోకములో అందరికంటె ఎక్కువ బరువు మోయువాడే అందరికంటె నిశ్చలుడు. శ్రీమన్నారాయణుడు యోగనిద్రకు ఎన్నుకొన్న శయ్యయు అతడే. శేషశయనుని సేవించు మనకు విశ్రాంతియందు దైవత్వమున్నదని వేరుగా బోధింప నక్కరలేదు.

ఐనను శాస్త్రము వినుట వేరు, అది ఒకని జీవితములో పండుట వేరు. శాస్త్రమంతయు కంఠస్థమై యుండియు విశ్రాంతి యెఱుగనివారు ఉండవచ్చును. గణపతిముని ఇరువది తొమ్మిదేండ్ల వయస్సు వరకు అట్టివారే.

వారి పూర్వనామము అయ్యలసోమయాజుల సూర్యగణపతిశాస్త్రి. 1878వ సంవత్సరము నవంబరు 17వ తేదీన బొబ్బిలి సమీపమున గల కలువరాయి గ్రామమున జన్మించిరి. తండ్రి నరసింహశాస్త్రి, తల్లి నరసమాంబ. తల్లి అరసవిల్లి సూర్యనారాయణస్వామిని సేవించి స్వప్నదర్శనము పొందెననియు, ప్రసవకాలమున తండ్రి కాశీక్షేత్రమున డుంఠి గణపతి సన్నిధిలో నుండగా స్వామినుండి ఒక శిశువు వెలువడి తనలో ప్రవేశించినట్లు చూచెననియు ఆ కుటుంబములో చెప్పుకొనెడివారు. ఆ రెండు దేవతల పేర్లును కలిసి బిడ్డకు పేరైనది. బాలుడు చిన్నతనమున రోగపీడితుడు. ఆరేండ్లు వచ్చు వరకు మాట సరిగా రాలేదు. మాట వచ్చిన పిదప ఆ వాక్కునకు అడ్డు లేకపోయెను. పదేండ్ల ప్రాయముననే శ్లోకములు కట్టుట, పంచాంగము గణించుట పట్టుబడినవి. బాల్యముననే విశాలాక్షితో వివాహము జరిగెను.

పదునెనిమిదేండ్ల ప్రాయమున ఆయన తపస్సునకై ఇల్లు విడిచిరి. అప్పటినుండి సుమారు పదేండ్ల జీవితమును చదువుచున్నచో మనకే ఆయాసము కలుగును. గోదావరీ తీరము, నాసిక, కాశి, భువనేశ్వరము అని వరుసగా క్షేత్రములు. ఎక్కడ చూచినను ఉపవాసము, శివపంచాక్షరీ జపము, రాత్రి జాగరణము. కొన్నాళ్లకు ఇంటికి వచ్చుట, మరల బయలుదేరుట. భువనేశ్వరములో తపస్సు చేయుచుండగా లలితాదేవి స్వప్నమున కనిపించి నాలుకపై తేనె చిలికినదనియు, అది మొదలు కవిత్వము మరింత మధురమైనదనియు చరిత్రకారులు వ్రాసిరి. 1900వ సంవత్సరమున వంగదేశమునందలి నవద్వీపమునకు పోయి, అచటి విద్వత్సభలో అడిగినదే తడవుగా ఆశుశ్లోకములతో సమాధానమిచ్చి, సమస్యలు పూరించి, కావ్యకంఠ బిరుదమును పొందిరి. అప్పటికి వయస్సు ఇరువదియొక్క సంవత్సరములు. నవద్వీప పండితులు తార్కికులు. తేలికగా మెచ్చువారు కారు. వారిచ్చిన బిరుదము ఆయన పేరునకు ముందు శాశ్వతముగా నిలిచినది.

పాండిత్యమునకు ఇంతకంటె ఏమి కావలెను? మరియొకరైనచో ఏ సంస్థానముననో ఆస్థానపండితులై సుఖముండెడివారు. వీరికట్లు తృప్తి కలుగలేదు. 1903లో తిరువణ్ణామలై చేరి అరుణాచలేశ్వరునిపై వేయి శ్లోకములతో హరసహస్రమును రచించి స్వామికి వినిపించిరి. ఆ కొండమీది గుహలో మౌనముగా నుండు యువకుని, అప్పటికి జనులు బ్రాహ్మణస్వామి యని పిలుచువానిని, ఆ దినములలోనే చూచిరి. చూచి వచ్చివేసిరి. పిదప వెల్లూరులో ఉపాధ్యాయవృత్తి. అక్కడ విద్యార్థులను చేర్చుకొని ఇంద్రసంఘమను పేర ఒక సంఘమును నెలకొల్పి, మంత్రశక్తిచే దేశమునకు పూర్వవైభవము తేవలెనని పూనుకొనిరి. దేశమంతటి బరువును ఒక్కడే మోయదలచిన మనస్సది. ఆదిశేషునివలె మోయుట మాత్రము ఆ మనస్సునకు ఇంకను తెలియదు. 1907లో ఆ ఉద్యోగమును వదలి, తపస్సు ఫలింపలేదను దిగులుతో మరల అరుణాచలము చేరిరి.

ఇచట ఆ బ్రాహ్మణస్వామిని గూర్చి కొంత చెప్పవలెను. ఆయన పేరు వేంకటరామన్. 1879 డిసెంబరు 30న తిరుచ్చుళిలో జన్మించినవాడు, గణపతిశాస్త్రికంటె ఒక యేడాది చిన్న. 1896వ సంవత్సరము జూలై మాసమున, పదునారేండ్ల బాలుడై మధురలో పినతండ్రి యింట మేడగదిలో ఒంటరిగా కూర్చుండగా, ఏ జబ్బును లేకుండగనే తాను చనిపోవుచున్నానను భయము హఠాత్తుగా ఆవహించెను. ఆ బాలుడు వైద్యునికై పరుగెత్తలేదు, పెద్దలను కేకవేయలేదు. నేలపై పరుండి, కాలుసేతులు శవమునకువలె చాచి బిగించి, పెదవులు మూసి, ఊపిరి నిలిపి, ఇక ఈ దేహము చచ్చినది, దీనిని మోసికొని పోయి కాల్చుదురు, దీనితోపాటు నేనును చచ్చితినా యని లోలోపల పరీక్షించెను. దేహము కట్టెవలె పడియుండగా, చావని దేదో స్పష్టముగా వెలుగుచున్నట్లు తెలిసెను. ఆ తెలివి మరల తొలగిపోలేదు. ఆరు వారములలో ఇల్లు విడిచి, సెప్టెంబరు 1న అరుణాచలము చేరి, 1950 ఏప్రిల్ 14న దేహము చాలించు వరకు ఆ కొండను విడువలేదు.

శవాసనమునకు ఆ పేరు ఏల వచ్చినదో ఈ సంఘటనవలన తెలియుచున్నది. బడలిక తీర్చుకొనుటయే ప్రయోజనమైనచో దానికి సుఖాసనమనియో శయనాసనమనియో పేరు పెట్టియుండవచ్చును. శవమని ఏల యనవలెను? దేహము నాది, నేనే దేహము అను పట్టును కొంతసేపు విడుచుటకే ఆ పేరని నాకు తోచుచున్నది. పట్టు విడిచినచో బడలిక దానంతట తీరును. మధురలోని బాలునకు ఆ ఆసనమును ఎవ్వరును నేర్పలేదు. హఠయోగగ్రంథములను ఆయన అప్పటికి చూచియుండలేదు.

1907 నవంబరు 18. కార్తిక మాసము, కృత్తికోత్సవ దినములు. తిరువణ్ణామలై వీథులు జనముతో క్రిక్కిరిసియున్నవి. మిట్టమధ్యాహ్నపు టెండలో గణపతిశాస్త్రి ఒంటరిగా కొండ యెక్కి విరూపాక్ష గుహను చేరిరి. స్వామి గుహ వెలుపల అరుగుపై ఒక్కడే కూర్చుండెను. శాస్త్రి సాష్టాంగముగా పడి, రెండు చేతులతో ఆ పాదములు పట్టుకొని, వణకు గొంతుతో తన గోడు చెప్పుకొనిరి. చదువవలసినదంతయు చదివితిననియు, వేదాంతము కూడ అర్థము చేసికొంటిననియు, జపము తనివితీర చేసితిననియు, ఇంత చేసియు తపస్సనగానేమో తనకు తెలియలేదనియు, శరణు వేడుచున్నాననియు ఆ మాటల సారము.

నవద్వీపమును గెలిచిన పండితుడు, కాషాయము కూడ ధరింపని, తనకంటె చిన్నవాడైన ఒక యువకుని పాదములపై పడి ఈ మాట చెప్పుట సామాన్యమా? పండితులకు తెలియును దాని కష్టము. సభలో ఓడిపోవుట ఒక యెత్తు, సభలన్నియు గెలిచిన పిదప తనకు తెలియదని చెప్పుకొనుట మరియొక యెత్తు.

స్వామి వెంటనే ఏమియు చెప్పలేదు. సుమారు పావుగంట సేపు శాస్త్రివంక చూచుచు ఊరకుండెను. ఆయన అప్పటికి పదునొకండేండ్లుగా మాటాడుట మిక్కిలి అరుదు. 1902లో శివప్రకాశం పిళ్లై అడిగిన ప్రశ్నలకు కూడ వ్రాతపూర్వకముగానే సమాధానములిచ్చెను. ఆ పావుగంట గడచిన పిదప నెమ్మదిగా కొద్ది మాటలు పలికెను. నేను అను భావము ఎచటనుండి పుట్టుచున్నదో దానినే కనిపెట్టి చూచుచున్నచో మనస్సు అచటనే లీనమగుననియు, అదియే తపస్సనియు ఒక మాట. మంత్రము జపించునప్పుడు ఆ ధ్వని ఎచటనుండి లేచుచున్నదో చూచినచో మనస్సు అచటనే లీనమగుననియు, అదియే తపస్సనియు రెండవ మాట.

ఇంతే. క్రొత్త మంత్రము లేదు, పురశ్చరణ సంఖ్య లేదు, ఉపవాసము లేదు. చేయవలసినదానికి ఏమియు చేర్చలేదు. పరుగెత్తుచున్నవానిని, పరుగు పుట్టినచోటికి తిరిగి చూడుమనుట మాత్రమే. పదేండ్లు పంచాక్షరితో లోకమును చుట్టినవారికి ఆ పంచాక్షరి తన లోపల ఎక్కడ లేచుచున్నదో చూడవలెనని తోచలేదు. తోచక పోవుట వింత కాదు. మంత్రమును లెక్కించువానికి లెక్కపైననే దృష్టి. లక్ష పూర్తియైనదా, కోటి పూర్తియైనదా యని చూచు కన్ను బయటనే యుండును.

శాస్త్రి సాయంకాలము వరకు అచటనే యుండిరి. స్వామివద్ద సేవలో నున్న పళనిస్వామిని అడిగి ఆయన పేరు వేంకటరామన్ అని తెలిసికొని, దానిని రమణ యని సంక్షేపించి శ్లోకములు కట్టిరి. భగవాన్ శ్రీ రమణ మహర్షి యను నామము ఆ విధముగా ఒక తెలుగు పండితుని నోట పుట్టినది. ఈ దినము ప్రపంచమంతట ఆ పేరుతోనే ఆయనను స్మరించుచున్నారు.

విశ్రాంతి దొరకినవాడు ఇక పని మానుకొనునని భయపడువారు తరువాతి కథను వినవలెను. కొలది దినములకే, నవంబరు 26న, గణపతిముని దేవిపై ఉమాసహస్రమును ఆరంభించిరి. వేయి శ్లోకములు, నలుబది స్తబకములు, ఒక్కొక్క స్తబకమునకు ఇరువదియైదు శ్లోకములు. వివిధ ఛందస్సులు. ఇరువది దినములలో ముగించి అంకితము చేయుదునని మ్రొక్కుకొనిరి. నడుమ కుడిచేతి బొటనవ్రేలికి పుండు లేచి వ్రాయుటకు వీలుకాక రచన వెనుకబడెను. గడువు చివరి దినమున ఒక వైద్యుడు వచ్చి శస్త్రము చేసెను. ఆ సాయంకాలమునకు ఇంకను చాల శ్లోకములు మిగిలియున్నవి. కొండపై మామిడిగుహయందు రాత్రి మహర్షి వచ్చి కన్నులు మూసికొని కూర్చుండెను. గణపతిముని అయిదుగురు శిష్యులను వ్రాయుటకు నియమించి, ఒకరి తరువాత నొకరికి వేర్వేరు శ్లోకములను తడుముకొనక చెప్పుచు పోయిరి. అర్ధరాత్రమునకు సహస్రము పూర్తియైనది. అంతవరకు మహర్షి కదలలేదు.

ఇందులో నన్ను మిక్కిలి ఆకర్షించిన విషయమొకటి కలదు. గణపతిముని తరువాతి కాలమున ఉమాసహస్రములోని మొదటి ఏడువందల శ్లోకములను పలుమారులు దిద్దుకొనిరట. చివరి మూడువందలను మాత్రము ముట్టుకొనలేదట. కవియైనవాడు తన కవిత్వమును దిద్దుట మంచి లక్షణమే. ఏ భాగమునందు దిద్దవలసినది కనబడలేదో ఆ భాగము, ఒక నిశ్చలుని సన్నిధిలో, తన ప్రయత్నము సడలిన వేళ వచ్చినదగుట గమనింపవలెను. ప్రయత్నశైథిల్యమని పతంజలి చెప్పినది ఆసనమునకే పరిమితము కాదనుటకు ఇంతకంటె సాక్ష్యము నేనెఱుగను. పది చేతులతో పనిచేయునట్లు అయిదుగురకు చెప్పుచున్నది వాక్కు. లోపల చెప్పువాడు మాత్రము అలసట లేక ఊరకున్నాడు.

1908లో చెన్నపట్టణము చేరువనున్న తిరువొత్తియూరులో వినాయకుని ఆలయమున మౌనముతో తపస్సు చేసిరి. పదునెనిమిదవ దినమున మెలకువతోనే పరుండి యుండగా మహర్షి వచ్చి ప్రక్కన కూర్చున్నట్లు కనిపించెను. ఆశ్చర్యముతో లేవబోవగా ఆయన తలపై చేయి యుంచి లేవనీయలేదట. విద్యుత్తు పాఱినట్లు శరీరమంతట ఒక స్పర్శ. దానినే గణపతిముని హస్తదీక్షగా భావించిరి. మహర్షి తిరువొత్తియూరును ఎన్నడును చూచియుండలేదు. ఐనను 1929లో, ప్రసంగవశమున, ఒకనాడు తాను కొండపై పరుండి యుండగా దేహము పైకి పోయినట్లును, తిరువొత్తియూరను చోట ఒక వినాయకుని ఆలయమున దిగినట్లును తోచినదని చెప్పగా, నాయన తన అనుభవమును చెప్పి పోల్చుకొనిరి. దీనిని నమ్ముటయు నమ్మకుండుటయు పాఠకుల యిష్టము. నా దృష్టి వేరొక చిన్న విషయముపై నున్నది. శిష్యుడు లేవబోయెను, గురువు లేవనీయలేదు. నిలబడి, కూర్చుండి, నడచి ఎన్నో తపస్సులు చేసినవానికి దీక్ష పరుండియున్నప్పుడు కలిగినది.

ఐతే పరుండుట వేరు, నిద్రపోవుట వేరు అని ఇచటనే చెప్పవలెను. యోగశాస్త్రములో నిద్ర కూడ చిత్తవృత్తులలో నొకటి. కలత నిద్ర పోయి లేచినవాడు మొద్దుబారి లేచుట మనకు అనుభవమే. మహర్షి బోధలో జాగ్రత్సుషుప్తి యను మాట కలదు. సుషుప్తిలోవలె తలపులు అణగి, జాగ్రత్తులోవలె ఎఱుక నిలిచియుండుట దాని యర్థము. శవాసనము వేయువారు సాధారణముగా చేరునది మొదట నిద్ర. అది తప్పు కాదు, దేహమునకు బాకీయున్న నిద్ర తీరవలెను. కొన్ని దినములకు నిద్ర రాకుండ, తలపు లేకుండ ఉండు సన్నని సందు దొరకును. 1913 మొదలు 1917 వరకు గణపతిమునియు ఇతరులును అడిగిన ప్రశ్నలకు మహర్షి చెప్పిన సమాధానములను ముని సంస్కృత శ్లోకములలో కూర్చిన రమణగీతయందు దీనికి ఉపాయము కూడ కలదు. ఊపిరిని బిగింపనక్కరలేదు, లెక్కింపనక్కరలేదు. వచ్చుపోవు శ్వాసను మనస్సుతో కనిపెట్టి చూచుచున్న చాలును, కుంభకము దానంతట కలుగును అని దాని భావము. ముక్కు పట్టుకొని ప్రాణాయామము చేయలేని వృద్ధులకును, హృద్రోగులకును ఇది ఎంత ఊరట!

మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పి గలవారు నేలపై దుప్పటి మడిచి పరచుకొని, తల క్రింద పలుచని దిండును, మోకాళ్ల క్రింద లావుపాటి బాలీసును ఉంచుకొన్నచో నడుమునకు బిగువు తగ్గును. చేతులు ప్రక్కలకు కొంచెము దూరముగా, అరచేతులు పైకి. వెలుతురు కన్నులపై పడకుండ ఒక అంగవస్త్రము. లేచునప్పుడు ఒక ప్రక్కకు ఒత్తిగిలి మెల్లగా లేవవలెను. పాశ్చాత్య వైద్యులు కూడ ఇట్టి విశ్రాంతిని పరీక్షించిరి. హార్వర్డు వైద్యకళాశాలకు చెందిన హెర్బర్టు బెన్సన్ 1975లో ప్రకటించిన గ్రంథమున, కదలక కూర్చుండి ఒక మాటను నెమ్మదిగా స్మరించుచు తలపులను పట్టించుకొనక యున్నవారికి శ్వాస, గుండె వేగము తగ్గుననియు, దేహము వినియోగించు ప్రాణవాయువు తగ్గుననియు వివరించెను. మన అమీర్‌పేట ప్రక్కనే బల్కంపేటలో నున్న ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయమునందు ఉపవాసము, మట్టిపట్టీలతోపాటు విశ్రాంతియు చికిత్సలో భాగమే. పడుకొనుట యోగమెట్లగునని నవ్వు పెద్దలు ఒక వారము చేసి చూచి పిదప నవ్వవచ్చును. ఊరక పది నిమిషములు కదలకుండుట పదిమార్లు సూర్యనమస్కారము చేయుటకంటె కష్టమని వారికే తెలియగలదు.

రమణగీత పదునెనిమిది అధ్యాయములు, మూడువందల శ్లోకముల గ్రంథము. అందులో స్త్రీలను గూర్చిన అధ్యాయము విశాలాక్షి తరఫున ఆమె భర్తయే అడిగిన ప్రశ్నపై ఏర్పడినది. ఇంటి బంధములు అడ్డమైనచో స్త్రీ సన్న్యసింపవచ్చునా యని ఆమె సందేహము. పక్వతగల స్త్రీకి శాస్త్రనిషేధము లేదనియు, ముక్తియందును జ్ఞానమునందును స్త్రీపురుషభేదము లేదనియు మహర్షి తీర్పు. భర్త క్షేత్రములు తిరుగుచుండ ఏండ్ల తరబడి సంసారమును మోసిన ఇల్లాలి ప్రశ్న యది. ఆమె కూడ మంత్రసాధకురాలే. గణపతిముని చరిత్ర వ్రాయువారు ఆమెను గూర్చి ఇంకను ఎక్కువ వ్రాసియుండవలసినది. ఆమె 1926లో పరమపదించెను.

ముని జీవితము 1907తో నిలిచిపోలేదు, శాంతముగాను సాగలేదు. 1922లో మామిడిగుహయందు తీవ్రయోగసాధనలో తల పగులునంతటి తాపము కలిగి, మహర్షిని ఆశ్రయింపగా ఆయన తలపై చేయియుంచి ఊరడించెననియు, ఆ రాత్రి కపాలభేదము జరిగినదనియు శిష్యులు వ్రాసిరి. అస్పృశ్యతకు శాస్త్రములలో ఆధారము లేదని సంప్రదాయ పండితుల నడుమ నిలిచి వాదించిరి. కాంగ్రెసు కార్యములలో పాల్గొని, 1924లో బెల్గాము మహాసభకు పోయిరి. 1928లో పుదుచ్చేరి చేరి శ్రీ అరవిందుల ఆశ్రమమున కొన్నాళ్లుండిరి. వారి ప్రియశిష్యుడు కపాలిశాస్త్రి తరువాత ఆ ఆశ్రమముననే స్థిరపడి ఉమాసహస్రమునకు వ్యాఖ్య వ్రాసెను.

గురువు చెప్పిన ఆ రెండు మాటలు విన్న పిదప కూడ ఇంత తిరుగుడు ఏల? ఈ ప్రశ్న ఆనాడే పుట్టినది. ముని సంకల్పములు మిక్కిలి బలవత్తరములనియు, దేశోద్ధరణ భావన ఆయనను చివరి వరకు విడువలేదనియు మహర్షి భక్తులలో కొందరి యభిప్రాయము. మరికొందరు, అట్టి ఋషికి లోకహితమే సహజమనిరి. ఈ రెండింటిలో మొదటిదానియందు సత్యము లేకపోలేదని నా తలంపు. కాని అందుచే ఆయనయందు గౌరవము తగ్గనక్కరలేదు. స్వభావసిద్ధముగా నిశ్చలుడైనవానికి విశ్రాంతి బోధింప పనిలేదు. నిలువలేని స్వభావముతో పుట్టి, నిలుచు చోటును కనుగొని, మరల మరల జాఱి, మరల మరల అచటికే తిరిగి వచ్చినవాని చరిత్రయే అమీర్‌పేట హాస్టలు గదిలో నిద్రపట్టని పిల్లవానికి ఉపయోగపడునది. అరుణాచలమున నున్నన్నాళ్లు మహర్షి సన్నిధిలో మాటలేక కూర్చుండుటయు, దూరదేశములనుండి భక్తితో లేఖలు వ్రాయుటయు ముని మానలేదు.

చివరి సంవత్సరములలో మహర్షికి దూరముగా, వంగదేశమునందలి ఖరగ్‌పూర్ చేరువనున్న నింపురాలో శిష్యుల నడుమ నివసించిరి. 1936 జూలై 25న అచటనే దేహము చాలించిరి. ఆ వార్త అరుణాచలము చేరినప్పుడు, అట్టివాడు మరల ఎక్కడ దొరకునని మాత్రము మహర్షి అనిరనియు, ఆ మాట చెప్పునప్పుడు ఆయన కంఠము గద్గదమైనదనియు దగ్గరనున్నవారు వ్రాసియుంచిరి.